బాబాయి మాత్రల లెక్క

మా ఇంట్లో కంప్యూటర్లు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గ్యాస్ బుక్ అవ్వకపోయినా, ప్రింటర్ మొరాయించినా, ఎవరి రిపోర్టులో ఎర్రక్షరాలు కనపడినా ఫోను నాకే వస్తుంది. 2019 ఆగస్టులో తణుకు నుంచి మా బాబాయి రక్తపరీక్ష కాగితం ఫొటో వచ్చేటప్పటికి నేను ఉద్యోగంలో చేరి సరిగ్గా రెండు నెలలు. ఆఫీసు క్యాంటీన్లో ట్రే పట్టుకుని క్యూలో నిలబడి చూశాను. తెల్లకణాలు లక్షా అరవై వేలు. ఉండాల్సింది నాలుగు వేల నుంచి పదకొండు వేలు అని పక్కనే ఉంది. టైపు చేసినవాడు ఓ సున్నా ఎక్కువ కొట్టాడేమో అనుకున్నా. మనకలవాటే కదా, ముందు డేటా తప్పనుకోవడం.

తప్పు కాదు. ఆర్నెల్లుగా నీరసం, ఎడంవైపు డొక్కలో బరువు, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోవడం. ఎరువుల కొట్లో కూర్చుని గ్యాసనుకుని సోడాలు తాగేవాడట. ఉబ్బింది ప్లీహం అని స్కానింగులో తేలింది. హైదరాబాద్ తీసుకొచ్చి చూపిస్తే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అన్నారు. డాక్టరుగారు చాలా మామూలుగా "రోజుకో మాత్ర, అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో. మానకూడదు" అన్నారు. పిన్ని నా వైపు చూసింది, ఈయన మన దగ్గరేదో దాస్తున్నాడు అన్నట్టు. ఆవిడ తప్పేం లేదులెండి. మన సినిమాల్లో బ్లడ్ కాన్సరంటే తెల్ల రుమాల్లో రక్తం, వెనకాల వయొలిన్. రోజుకో మాత్ర అంటే ఎవరు నమ్ముతారు?

ఆ రాత్రి నుంచీ చదవడం మొదలెట్టాను. ఈ జబ్బుకి కారణం ఎముక మూలుగలో ఎక్కడో ఒక్క కణంలో జరిగే పొరపాటు. 9వ క్రోమోజోము ముక్క 22వ దానికి, దాని ముక్క దీనికి అంటుకుంటాయి. పొట్టిగా మిగిలిపోయిన ఆ 22వ దాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు చూశారు. ముక్క ఊడిపోయిందనే అంతా అనుకున్నారు. ఊడలేదు, చోటు మారిందని 1973లో కనిపెట్టినావిడ జానెట్ రౌలీ. క్రోమోజోముల ఫొటోలు కత్తెరతో కత్తిరించి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద జతలు పేర్చేదట. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని వాళ్ళ పిల్లలు అనుకునేవాళ్ళట. ఈ ముక్క నాకు ఎంత నచ్చిందో!

ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి బీసీఆర్-ఏబీఎల్ అనే ఒక కొత్త ప్రోటీను తయారవుతుంది. అది కణానికి "విభజించు, విభజించు" అని చెప్పే ఎంజైము. మామూలుగా దానికి ఆపే మీట ఒకటుంటుంది. అతుకు పడ్డాక ఆ మీట పోతుంది. బ్రేక్ లేని వైల్ లూప్ అన్నమాట. ఈ ఎంజైము పనిచెయ్యాలంటే దాని గుంటలోకి ఏటీపీ అణువు వచ్చి కూర్చోవాలి. ఇమాటినిబ్ అనే మందు ఆ గుంటలో తను ముందే కూర్చుంటుంది, బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు. ఒరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు 1998లో రోగుల మీద పరీక్షలు మొదలెట్టాడు. రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చేసింది. 54కి 53! మన యూనిట్ టెస్టులు కూడా అలా పాసవ్వవు.

ఇక్కడో పిట్టకథ. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవాళ్ళలో ఒకరు (జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది కనుక్కున్నాడు) హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గర పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో, మా బాబాయి కొట్టుకి గంట ప్రయాణం. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి మొదటిసారి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గేలా చేశాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి. ఆ పేపరు 1948 జూన్‌లో వచ్చింది, ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. నేను ఇంజినీరింగ్ దాకా చదివాను, ఒక్క మాస్టారూ ఈయన గురించి ఓ పీరియడ్ చెప్పలేదు. బాబాయికి చెబితే "మన భీమారం ఆయనే? అయితే పన్చేస్తుందిరా" అన్నాడు. మందు మీద నమ్మకం ఆయనకి అప్పుడు కుదిరింది!

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఈ మందు అసలు బ్రాండు నెలకి లక్ష రూపాయల పైమాట. మన దేశీ కంపెనీలు పదివేల లోపు ఇచ్చేవి, అందులో హైదరాబాద్ నాట్కో కూడా ఒకటి. నోవార్టిస్ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. పేటెంట్లు లేకపోతే పరిశోధనలు ఎవరు చేస్తారని ఆఫీసులో వాదించే మిత్రులున్నారు. వాదన నాకర్థమవుతుంది. కానీ ఎరువుల కొట్టు మీద నెలకి లక్ష రాదు.

మూడు నెలల్లో బాబాయి కణాలు మామూలుకొచ్చాయి. ఆ తర్వాత చూసేది పీసీఆర్ పరీక్ష. ఆ తప్పుడు జన్యువు ఇంకా ఎంత మిగిలిందో శాతంలో చెబుతుంది. ఏడాదికల్లా 0.1 కంటే కిందకి రావాలి, అంటే మొదటి ప్రమాణంలో వెయ్యో వంతు. మా బాబాయిది 0.08 వచ్చింది. నేను ఎక్సెల్‌లో గ్రాఫు గీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందరూ దణ్ణాలు పెట్టారు, గ్రాఫుకో దేవుడికో తెలీదు.

ఇప్పుడు నా తప్పు.

2022 సంక్రాంతికి తణుకెళ్ళాను. అరుగు మీద కూర్చుని నాకు తెలిసిందంతా వాగుతుంటే మాటల్లో ఫ్రాన్స్‌లో 2010లో వచ్చిన పరిశోధన గురించి చెప్పాను. వందమంది చేత ఈ మందు ఆపించి చూశారు బాబాయ్, ఏడాది తర్వాత కూడా నూటికి నలభై మందికి జబ్బు తిరిగి రాలేదట అని. ఆయన ఏమీ అనలేదు. భోగిమంట దగ్గరకి పోదాం పదమన్నాడు.

నేను చెప్పనిది ఏవిటంటే, వాళ్ళందరూ కనీసం మూడేళ్ళు మందు వాడినవాళ్ళు. అందులో చివరి రెండేళ్ళకి పైగా పరీక్షకి ఏమీ దొరకనివాళ్ళు. అదీ దొరకలేదనే, లేదని కాదు. లాగ్‌లో ఎర్రర్ కనపడనంత మాత్రాన బగ్ లేదని మనమంటామా? మందుకి చావకుండా నిద్రపోయే మూలకణాలు కొన్ని మిగులుతాయి. అందుకే ఆపేశాక నెలనెలా పరీక్ష చేసి, తిరగబెట్టినవాళ్ళకి వెంటనే మళ్ళీ మందు మొదలెట్టారు. మా బాబాయికి అప్పటికి రెండున్నరేళ్ళే, పైగా 0.08 అంటే జబ్బు ఇంకా కనపడుతున్నట్టే. నేను పేపరు మొత్తం చదివాను. చెప్పింది మాత్రం హెడ్డింగు.

జూన్‌లో రిపోర్టు వచ్చింది. 0.9.

డాక్టరుగారు కోప్పడలేదు, "మాత్రలు వేసుకుంటున్నారా?" అని మాత్రం అడిగారు. "ఆయ్, రోజూ" అన్నాడు బాబాయి. మందు పనిచెయ్యకుండా చేసే మ్యుటేషన్ ఏమన్నా వచ్చిందేమోనని రక్తం పంపించారు. టీ315ఐ అని ఒకటుంది, ఆ ఒక్క అక్షరం మారితే ఇమాటినిబ్ ఆ గుంటలో పట్టదు. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఆ వారాంతం తణుకెళ్ళి, బాబాయి కొట్టుకెళ్ళాక మందుల డబ్బా తీసి బిల్లులతో సరిచూశాను. ఫిబ్రవరి నుంచి కొన్నవాటిలో ఇంచుమించు సగం మాత్రలు మిగిలున్నాయి.

సాయంత్రం డబ్బా ముందు పెట్టి అడిగాను.

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నానురా," అన్నాడు. "పొద్దున్నే కళ్ళు ఉబ్బిపోతున్నాయి. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. నువ్వేగా చెప్పావు, నలభై మందికి రాలేదని."

"అరవై మందికి వచ్చింది బాబాయ్."

"అది నువ్వు చెప్పలేదుగా."

కాసేపయ్యాక అసలు సంగతి బయటపడింది. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. మార్చిలో వచ్చినవాళ్ళకి మందుల షాపు కుర్రాడి ద్వారా ఎలాగో తెలిసి, వంశంలో బ్లడ్ కాన్సరుందంట అని కబురు పంపించారట. ఆ రోజు నుంచి మాత్ర చూస్తేనే ఆయనకి ఒళ్ళు మంట. వంశంలో ఉండటానికి ఇది తండ్రి నుంచి పిల్లలకి వచ్చే జబ్బు కాదు. పుట్టాక ఆయన మూలుగలో ఒక కణంలో జరిగిన ముచ్చట, అక్కడికే దాని సరిహద్దు. ఇది మూడేళ్ళుగా నాకు తెలుసు. గ్రాఫులు పంపాను గానీ, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ ఒక్క ముక్క చెప్పడం తోచలేదు. ఎందుకు తోచలేదంటే గ్రాఫు గొప్పగా ఉంటుంది కాబట్టి.

ఆ రాత్రి ఫోన్లో లండన్‌వాళ్ళ పేపరొకటి చూపించాను. మందు సీసా మూతలో చిప్ పెట్టి ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టారు. ఎనభై శాతం, అంతకన్నా తక్కువ మాత్రలు వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ 0.1 అందలేదు. ఈసారి మొత్తం చదివి చెప్పాను. "అంటే నాది యాభై" అన్నాడు. "ఆయ్" అన్నాను నేను. నవ్వాడు. కళ్ళ ఉబ్బు గురించీ, పిక్కల గురించీ మర్నాడు డాక్టరుగారికి నేనే ఫోన్ చేశాను. వాటికీ మందులున్నాయి. ఇన్నాళ్ళూ ఈయన అడగలేదు, అంతే.

మ్యుటేషన్ లేదని వచ్చింది. ఏడాది చివరికి 0.09. ఇప్పుడు ఈ మందు సరిగ్గా వాడేవాళ్ళ ఆయుష్షు దాదాపు మిగతావాళ్ళంతే ఉంటోందని లెక్కలు చెబుతున్నాయి. బాబాయికి అది కూడా చెప్పాను, 'సరిగ్గా' అన్న మాట రెండుసార్లు పలికి.

చెల్లి తర్వాత వచ్చిన సంబంధం అబ్బాయికి తనే ఫోన్ చేసి మొత్తం చెప్పేసింది, జబ్బు పేరుతో సహా. మేమందరం కంగారుపడ్డాం. అతను వాళ్ళ ఫ్రెండు డాక్టర్ని అడిగి, మర్నాడు సరేనన్నాడు. 2024లో పెళ్ళయింది.

ఒప్పందం ప్రకారం రోజూ రాత్రి తొమ్మిదింబావుకి, మాత్ర వేసుకున్నాక, బాబాయి నాకో మిస్డ్ కాల్ ఇస్తాడు. ఆయనది అన్‌లిమిటెడ్ ప్యాకే, అయినా మిస్డ్ కాలే. స్టాండప్ మీటింగులో ఉన్నా, అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉన్నా ఆ ఒక్క రింగు కోసం చూస్తాను. పెళ్ళి రోజు తొమ్మిదిన్నర దాటినా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే భోజనాల బంతిలో వడ్డన దగ్గర నిలబడున్నాడు. నన్ను చూసి, పంచె మడతలోంచి స్ట్రిప్పు తీసి, ఒక గడి ఖాళీగా ఉన్న వైపు తిప్పి చూపించాడు.

"ఫోన్ మీ పిన్ని దగ్గరుందిరా. నువ్వు తిన్నావా?"