వాషీ పుల్ మీద గాలి

మన కామాటిపురా గల్లీల్లో బండి నేర్చుకున్నవాడికి గాలి అంటే ఏమిటో తెలియదు. అటు చాళ్, ఇటు చాళ్, మధ్యలో ఆరేసిన బట్టలు. గాలి వస్తే ఆ బట్టలు ఊగుతాయి, అంతే. కింద మనం చూసుకోవాల్సింది తోపుడు బండ్లు, గుంతలు, అడ్డంగా ఉరికే పిల్లలు. ఇరవై రెండేళ్లుగా స్ప్లెండర్ నడుపుతున్నాను. వానలో జారడం తెలుసు, బ్రేకు తడిస్తే ఏమవుతుందో తెలుసు. గాలి సంగతి మాత్రం పోయిన జూన్‌లో, మా బాపు వెనక కూర్చున్న రోజు తెలిసింది.

బాపుకు డెబ్బై రెండేళ్లు. మిల్లులో సాంచా ఖాతాలో పనిచేసిండు. 1982 సమ్మె తర్వాత మళ్లీ గేటు లోపలికి పోలేదు. ఆయన పక్క సాంచాల మీద పనిచేసిన ఒకాయనకు మిల్లు కార్మికుల లాటరీలో పన్వేల్ దగ్గర కోన్‌లో ఇల్లు వచ్చింది. ఆదివారం గృహప్రవేశం. రైల్లో పోదామంటే హార్బర్ లైన్ మీద మెగా బ్లాక్. అటల్ సేతు మీద టూవీలర్లను రానివ్వరు. మనకిది కొత్త కాదు. ఇంటి పక్కనున్న జేజే ఫ్లైఓవర్ ఎక్కనివ్వరు, ఈస్టర్న్ ఫ్రీవే ఎక్కనివ్వరు, సీ లింక్, కోస్టల్ రోడ్డు కూడా అంతే. కారున్నోళ్లకే రోడ్లా అని నేను తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడూ తిట్టుకుంటాను గానీ, నీళ్ల మీద గాలి ఎట్లుంటదో చూశాక కోపం సగమైంది.

ఇక మిగిలింది సాయన్, మాన్‌ఖుర్ద్ మీదుగా వాషీ ఖాడీ పుల్.

"ఒట్టి చేతులతోని ఎట్ల పోతంరా?" అని బాపు మార్కండేయ స్వామి పటం కొనుక్కొచ్చిండు. అద్దం, చెక్క ఫ్రేము, మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. కుడి చంకలో పెట్టుకుని కూర్చున్నడు. తాడుతో కట్టుకుందాం అంటే దేవుణ్ణి తాడుతో కడతావా అన్నడు. నేనూ ఊరుకున్నాను. తలకు హెల్మెట్ పెట్టించడానికే పది నిమిషాలు పట్టింది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలని ముంబై పోలీసులు 2022 జూన్ నుంచి పట్టుకుంటున్నారు కాబట్టి ఒప్పుకున్నడు.

మాన్‌ఖుర్ద్ దాటేదాకా ఏమీ లేదు. పుల్ ఎక్కాక రెండు పక్కలా అడ్డు లేదు, అంతా ఖాడీ నీళ్లు. కుడివైపు ఆకాశం నల్లబడి ఉంది. ఒక్క తోపు వచ్చింది. బండి మూరెడు ఎడమకు జరిగింది. నేను జరపలేదు, అదే జరిగింది. నేను చేసిన మొదటి తప్పు, హ్యాండిల్‌ను పిడికిలి తెల్లబడేలా బిగించి పట్టుకోవడం. బిగించినకొద్దీ ముందు చక్రం ఎక్కువ వణికింది. వెనక బాపు భయపడి ఎడమకు వంగిండు. ఆయన చంకలో ఉన్నది గాలికి పటం కాదు, తెరచాప. "పటం ఒదిలెయ్ బాపూ" అని అరిచాను. ఆయనకు వినపడలేదు. వినపడినా ఒదిలేవాడు కాదు.

గాలికి ఎదురుగా బండిని కుడికి వంచి ఎట్లనో పోతున్నాను. అప్పుడు కుడి పక్క నుంచి పెద్ద కంటెయినర్ ట్రక్కు మమ్మల్ని దాటడం మొదలుపెట్టింది. అది పక్కకు రాగానే గాలి ఆగిపోయింది. గోడ అడ్డం వచ్చినట్టే. కానీ నేను ఇంకా కుడికే వంగి ఉన్నాను! ఆనుకున్న గోడ తీసేసినట్టు బండి ట్రక్కు వైపు పోయింది. దాని వెనక చక్రాలు నా మోకాలికి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పను, చెప్పినా నమ్మరు. ట్రక్కు దాటిపోగానే మళ్లీ గాలి చెంపమీద కొట్టినట్టు కొట్టింది, ఈసారి ఎడమ గోడ వైపు. ఎట్ల నిలబడ్డామో నాకు తెలియదు. బాపు నడుం పట్టుకున్న చోట మూడు రోజులు నల్లగా కమిలి ఉంది.

వర్లీ బీడీడీ చాళ్‌లో ఉండే మా మేనల్లుడు డెలివరీ పని చేస్తాడు. వీపు మీద ఆ చదరపు డబ్బాతో రోజూ వర్లీ సీ ఫేస్ మీద తిరుగుతాడు. వాడికి చెబితే నవ్విండు. "మామా, ఒక్క తీరుగ కొట్టే గాలి ఏం చెయ్యదు. ఆగి మళ్ల వచ్చేదే పడేస్తది" అన్నడు. బిల్డింగు అయిపోయి ఖాళీ వచ్చే చోట, పుల్ మొదలయ్యే చోట, ట్రక్కు పక్కకు వచ్చినప్పుడు, పోయినప్పుడు. అక్కడికి రాకముందే వేగం తగ్గించాలి, గేరు ఒకటి దించాలి, లేనులో నడిమధ్యన ఉండాలి. ట్రక్కును మనం దాటొద్దు. అది మనను దాటుతుంటే, గాలి ఆగిపోతుందని ముందే అనుకుని బండిని నిటారు చేసుకోవాలి. చేతులు వదులుగా పెట్టి, మోకాళ్లతో టాంకీ పట్టుకోవాలి, ఛాతీ కొంచెం కిందికి వంచాలి. వెనకవాళ్లు సొంతంగా వంగకూడదు, నడిపేవాడు ఎటు వంగితే అటే. రెయిన్‌కోటు గుండీలన్నీ పెట్టుకోవాలి. ఎగిరే చున్నీ, కొంగు బిగించి దోపుకోవాలి. డబ్బా ఖాళీగా ఉన్నప్పుడే ఇంకా కష్టమట, బరువుండదు గానీ గాలికి అంతే అడ్డం. వాడు ఇదంతా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, రెండుసార్లు పడి నేర్చుకున్నడు.

గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. ముప్పై కిలోమీటర్ల గాలిలో బాగానే వచ్చాం కదా అని అరవైలో పోతే లెక్క తప్పుతుంది. మన బండి బరువు 110 కిలోల పైచిలుకు, అంతే. 2020 ఆగస్టు 5న కొలాబాలో గంటకు 100 కిలోమీటర్లు దాటి గాలి వీచింది. 2021 మే 17న తౌక్తే తుఫానులోనూ అంతే, ఆ రోజు సీ లింక్ మీద కార్లనే ఆపేశారు. ఇప్పుడు టీవీలో "గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, మత్స్యకారులు సముద్రంలోకి పోవద్దు" అని వస్తే నేనూ కోళివాడ వాణ్ణి అనుకుని బండి తీయను.

మళ్లీ ఆ రోజుకు వస్తాను. పుల్ దిగాక రోడ్డు పక్క ఒక పెద్ద హోర్డింగు కింద పది బండ్లు ఆగి ఉన్నాయి. "గక్కడ ఆపు" అన్నడు బాపు. నాకు 2024 మే 13 గుర్తొచ్చింది. ఘాట్‌కోపర్‌లో దుమ్ముగాలి వచ్చి 120 అడుగుల ఎత్తు, 120 అడుగుల వెడల్పున్న హోర్డింగు పెట్రోలు పంపు మీద పడింది. 17 మంది పోయారు. వానా గాలీ అని అక్కడ ఆగినవాళ్లూ ఉన్నారు వాళ్లలో. బాపు తిడుతున్నా వినకుండా వాషీ స్టేషన్ దాకా మెల్లగా పోయాను. హోర్డింగు కింద వద్దు, చెట్టు కింద వద్దు, రేకుల పక్కన వద్దు, ఫ్లైఓవర్ కింద రోడ్డు మీద అసలే వద్దు, వెనకొచ్చేవాడు చూడడు. పక్కా కట్టడంలోకి పోవాలి.

బండి నిలిపేటప్పుడు కూడా గాలిని చూసుకోవాలి. సైడ్ స్టాండు ఎడమ పక్క ఉంటుంది కాబట్టి గాలి కుడి నుంచి తగిలేలా పెట్టి, గేరులో ఉంచాలి. ఎడమ నుంచి తగిలితే బండి అవతలికి పడుతుంది. మా గల్లీ మూలన ఒక బండి పడి ఏడు బండ్లను పడేసిన రోజు ఎవరి అద్దం ఎవరిదో తేలలేదు.

స్టేషన్‌లో గంటన్నర కూర్చున్నాం. గాలి తగ్గాక ఒక గోనెసంచి, తాడు కొన్నాను. పటాన్ని నా వీపుకూ బాపు ఛాతీకీ మధ్య, రోడ్డుకు అడ్డంగా కట్టాం. ఈసారి దేవుణ్ణి తాడుతో కడుతున్నావేందిరా అని బాపు అడగలేదు. ముహూర్తం దాటిపోయింది గానీ భోజనాలకు అందుకున్నాం. అద్దం కూడా పగల్లేదు.

సాయంత్రం బ్లాకు తీసేశారు. బాపును పన్వేల్‌లో రైలెక్కించి నేనొక్కణ్ణే పుల్ మీద నలభై వేగంతో వచ్చాను. ఇంటికి వచ్చేసరికి ఆయన కాళ్లు కడుక్కుని చాయ్ తాగుతున్నడు. ట్రక్కు సంగతి మా అవ్వకు ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఈ నెల పత్రిక ఎవరైనా చదివి వినిపిస్తే తెలుస్తుంది.