వలిసెపూల పక్కన ఒక ఆట

డిస్క్ గోల్ఫ్ మన పల్లెలకు కొత్త ఆట. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కును గొలుసులు వేలాడే బుట్టలోకి వీలైనంత తక్కువ విసుర్లతో వేయాలి. దీని మొదటి శాశ్వత మైదానం 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఏర్పడింది.

మధ్య దూరాలకు వాడే 'మిడ్‌రేంజ్' డిస్కు ఒకటి కొత్తగా మా చేతికి రాగా, అరకులోయలో విసిరి చూశాము. కోత అయిన చోడిచేనులో, ఆసామి అనుమతితో, వెదురుగంపను గురిగా పెట్టుకున్నాము. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున గాలి కొంత పలుచన. డిస్కును మోసేది గాలే గనుక, విశాఖ తీరంలో కంటె ముందుగానే అది ఎడమకు వాలింది. నేలకు సమానంగా పట్టి నింపాదిగా విడిస్తే తిన్నగా సాగింది.

పక్క చేనులో వలిసెలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఆ చేనుగల అమ్మ, "బాబూ, పువ్వులోకి రాకుండా ఆడుకోండి. ఆ గింజలు సంతకెళ్తేనే మాకు ఉప్పూ పప్పూ" అన్నది. వెంటనే గంపను అవతలి గట్టుకు మార్చి, వలిసెలకు వీపు పెట్టి విసిరాము. దూరం తగ్గింది గాని ఆనందం తగ్గలేదు.

ప్రియ చదువరులారా, నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ పూలు చూడ వెళ్ళినప్పుడు గట్టు మీదనే నిలవండి. మనకు వేడుకైన పువ్వు, ఆ ఇంటికి జీవనాధారం.