వదులు లాగు

వేసవిలో ఆదోని నుండి మంత్రాలయమునకు పోవువానికి పంచె యుండగా లాగేల యని యడుగువారు కలరు. పంచె మంచిదే. కాని క్రిక్కిఱిసిన బస్సు నెక్కి దిగునప్పుడు దాని కుచ్చెళ్లు ఒక చేతికి పని కల్పించును. ఉద్యోగుల బిగుతు లాగు కాళ్లకు చెఱసాల. చెమట యారుటకు గాలి కావలెను. ఆరు చెమటయే యొడలిని చల్లబఱచును. బట్ట యొడలి కంటుకొనిన గాలికి త్రోవ యెక్కడిది? కావున వేసవి ప్రయాణమునకు నూలుబట్ట వదులు లాగే మేలు.

బట్టకై దూరము పోనక్కఱలేదు. ఆదోని పత్తి బేరమునకు పేరుపొందిన యూరు. ఎమ్మిగనూరు నేతకు పేరుపొందినది. అచ్చట మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. ఈ రెండూళ్ల నడుమ బ్రతుకుచు ఎండలో దళసరి బట్ట తొడిగి యుడికిపోవుట వింతగాదా?

కుట్టువిధము సులభము. బట్టను ముందు ఒక రాత్రి నానవేసి యారవేయవలెను. మగ్గమున నూలునకు పట్టించిన గంజి పోవును. బట్ట కుదియవలసినంత ముందే కుదియును. నడుమునుండి చీలమండవఱకు 40 అంగుళములున్నవారు పైమడతకును క్రిందిమడతకును 4 అంగుళములు కూర్చి, 44 అంగుళముల ముక్కలు రెండు తీయవలెను. 36 అంగుళముల పన్నా గల బట్ట రెండున్నర గజములు చాలును. ఒక్కొక్క ముక్కను 30 అంగుళముల వెడల్పునకు కోసినచో మిగిలిన పీలికలనుండియే నడుము బొందును, 6 అంగుళముల చదరపు ముక్కయు వచ్చును.

పీటపై కూర్చుండి నడుమునుండి పీటవఱకు కొలిచి, 3 అంగుళములు చేర్పవలెను. ప్రతిముక్కను పైన అంతమేర విడిచి, క్రింద గొట్టముగా కుట్టవలెను. విడిచిన యంచులను ముందటివి ముందటివానితోను, వెనుకటివి వెనుకటివానితోను కలుపవలెను. నాలుగు కుట్లును కలియుచోట కొంత సందు విడిచి, అందు చదరపు ముక్కను మూలవాటుగా అమర్పవలెను. అది లేనిచో గొంతుకూర్చున్నప్పుడు లాగు బరువంతయు ఒక్క కుట్టుపై పడి చినుగును. పైయంచును మడచి బొందు దూర్చిన పని ముగిసినది. సూదితోనే రెండు మూడు సాయంకాలముల పని.

ఇంతవఱకు వినినవారు నవ్వి, 'మగవాడు సూది పట్టుటా?' యందురు. ఈ మాటను మేము కొంత పరీక్షింపదలచితిమి. అంగడివీధిలో కుట్టుయంత్రము ముందు కూర్చుండు దర్జీ చాలచోట్ల మగవాడే. అతనిది ఆడుపని యని యెవరును అనరు. అదే సూది యింటి గడప దాటి లోపలికి వచ్చినంతనే ఆడుదాని సొత్తగుచున్నది! కూలి ముట్టిన మగపని, కూలి లేకున్న ఆడుపని: సూదియందు లింగభేదము లేదు, భేదము కాసులయందున్నది. స్త్రీజనోద్ధరణమునుగూర్చి గంటసేపుపన్యసించి యింటికి వచ్చి, ఊడిన బొత్తామును భార్యకు చూపు సంస్కర్తలు మనలో కొఱవడలేదు.

యంత్రముల విషయమున మిక్కిలి జంకిన గాంధీగారు 1924లో కుట్టుయంత్రమును మాత్రము మినహాయించిరి. భార్య చేతికుట్టు శ్రమను చూచి జాలిగొని సింగరు దానిని కల్పించెనని వారి భావము. ఆ జాలి మెచ్చదగినదే. కాని భార్య శ్రమ తగ్గించుటకు యంత్రమొక్కటే దారి కాదు. భర్త సూది యందుకొనుటయు నొక దారియే.

ఇందువలన దర్జీ పొట్ట కొట్టుదుమేమో యని కొందఱు శంకింతురు. చొక్కాకును అంగీకిని అతని నేర్పు మనకెన్నడు రాదు. పైగా ఒక్కనాడు నాలుగు కుట్లు తిన్నగా వేయజూచినవాడు దర్జీతో కూలికి పేచీ పెట్టడు.

కావున తల్లిదండ్రులారా, ఈ వేసవి సెలవులలో మీ బాలికలతోపాటు బాలురకును సూదియు దారమును ఇండు. లాగు వంకరగా వచ్చినను చింతలేదు, బుద్ధి తిన్ననగును.