కుంకుడు నురుగు

మా యింటి ఖర్చుల పుస్తకములో సబ్బుల పద్దు పెరుగుట చూచి, ఖానాపురం హవేలిలో నేనే సబ్బు చేయ బూనుకొంటిని. నీళ్లలో కాస్టిక్ సోడాను కొంచెము కొంచెముగా వేయవలెను గాని సోడాపై నీళ్లు పోయరాదు. నేను పోసితిని. అది కుతకుత ఉడికి చేతిమీదికి చిందినది. ఆ ఆదివారము ప్రభురాత్రి భోజనపు రొట్టెను కట్టుగుడ్డ చేతితోనే విరిచితిని. ఆదా చేయబోయిన డబ్బు మందులకే చాలలేదు.

సంఘములోని ఒక విధవరాలు, భద్రాచలము అడవివైపు పుట్టినది, చూచి నవ్వలేదు. మరునాడు చేటెడు కుంకుడుకాయలు తెచ్చినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను అడవి సరకులలో ఇవి యొకటి. ఇరువది కాయలు చితుకగొట్టి, గింజలు తీసివేసి, రాత్రి వేడినీళ్లలో నానవేయవలెను. తెల్లవారి పిసికి వడకట్టినయెడల బకెట్టెడు నీళ్లకు చాలును. తొక్కలోని సాపోనినే ఆ నురుగునకు కారణము. మా బోరునీళ్లలో సబ్బు తెట్టు కట్టును, ఇది కట్టదు. రసము రెండుమూడు దినములలో పులిసిపోవును గనుక దాచవద్దు. కంట పడనీయకుడి సుమా!

మలాకీ ప్రవక్త చెప్పిన చాకలివాని సబ్బు కూడ అంగడి బిళ్ల కాదు. హెబ్రీలో బోరీత్, అనగా మొక్కలను కాల్చిన బూడిదలోని క్షారము. సెమినరీలో ఈ మాట నేర్చుకొన్న నేను, బూడిదతో బట్టలుదుకు పద్ధతిని మా అమ్మను ఎన్నడును అడుగలేదు.

కాయలకు వెల యియ్యబోతే ఆమె పుచ్చుకొనలేదు. సబ్బు పద్దు ఇప్పుడు సగమైనది. నా చేతి మచ్చ మాత్రము పోలేదు. సండేస్కూలు పిల్లలు పాఠము విడిచి దానినే చూచుచుందురు.