ఘంటసాల నల్లమన్నులో గులాబి

ఘంటసాల అనగానే చాలామందికి బౌద్ధ స్తూపమే గుర్తొస్తుంది. రెండవ శతాబ్దంలో టాలెమీ వ్రాసిన కంటకోసిల ఈ ఊరేనని చరిత్రకారులంటారు. మాకు మాత్రం అక్కడి నల్లమన్నే జ్ఞాపకం. వానకు కాళ్లకంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది.

కడియం నుండి క్వీన్ ఎలిజబెత్ గులాబి తెచ్చి మందిరం ప్రక్కన నాటాము. లామర్ట్స్ అనే ఆయన రూపొందించగా 1954లో అమెరికాలో విడుదలైన రకమది. ఆరడుగులు పెరిగి, విడతలు విడతలుగా పూస్తుంది. మొదటి మొక్క వేరు కుళ్లి చచ్చింది. తప్పు మాదే, పల్లంలో పెట్టాము. రెండవదాన్ని అడుగెత్తు దిబ్బపోసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటాము. బ్రతికింది. కానీ కొమ్మ కోయడానికి చేతులాడలేదు. అది ఎత్తుకు పోయింది, పూలు అందనంత పైన ఒకటో రెండో.

క్రిస్మస్‌కు కొడుకు సమాధి మీద పెట్టుకోను రెండు పూలు కావాలని సంఘంలో ఒక అవ్వ ముందే అడిగింది. ఆమే, "మునగను నరకమా అయ్యగారూ? దీనికీ అంతే" అంది. నవంబరు మొదటివారంలో సగానికి కత్తిరించాము. ఆ రాత్రి పాస్టరమ్మగారు మాతో మాట్లాడలేదు.

క్రిస్మస్ నాటికి పద్నాలుగు మొగ్గలు, అన్నీ చేతికందే ఎత్తులోనే. అవ్వ రెండే కోసుకుంది.