అటకమీది మోడెము

మా పుట్టినింటి అటకమీద ఇరువది యేండ్లకు పైగా పాతచీరలో చుట్టబడి యుండిన మోడెమును మొన్నటి వేసవిలో మా యింటికి తెచ్చుకొంటిమి. పాత యినుమువానికి వేయుదమని మావారనిరి. మాకు మనసొప్పలేదు. దానిమీది ప్రేమచేత కాదు; దానిని మా అమ్మ యేల చుట్టిపెట్టెనో యెరుగుదుము గనుక.

సోదరీమణులలో పిన్నవారు మోడెమును చూచియుండరు. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించెను. నాడది యిండ్లకు వచ్చిన త్రోవ టెలిఫోను తీగయే. ఆ తీగ మనుష్యకంఠమును మోయుటకు ఏర్పడినది. కంప్యూటరు ఎరిగినవి సున్న, ఒకటి అను రెండంకెలే. ఆ యంకెలను ధ్వనిగా మార్చి పంపుట మాడ్యులేషను. వచ్చిన ధ్వనిని మరల అంకెలుగా మార్చుట డీమాడ్యులేషను. ఈ రెండు పేర్ల తలలను మాత్రము కోసి యతికించినచో మోడెమైనది. మాకు వ్యాకరణము చెప్పిన తాతగారు వినియుండినచో నీ సమాసమునకు విగ్రహవాక్య మెట్లు చెప్పెడివారో!

తీగ యొక్కటియే గనుక కంప్యూటరు మాటలాడుచున్నంతసేపు మనుష్యులు మాటలాడుటకు వీలులేదు. 2001వ సంవత్సరము వానకాలమున నొక రాత్రి మా అన్నగారు కళాశాల ప్రవేశపు వివరములకై రెండు గంటలు మోడెము నడిపిరి. ఆ రెండు గంటలును మా మేనమామగారు, అమ్మమ్మకు ప్రాణము మీదికి వచ్చినదని చెప్పుటకు, తమ యూరి ఎస్.టి.డి. బూతునుండి ఫోను చేయుచునే యుండిరట. బూతు మూసివేసిరి. తెల్లవారిన పిమ్మట మనిషి వచ్చి చెప్పెను. మేము చేరునప్పటికి అంతయు ముగిసినది. అమ్మ అన్నగారిని ఒక్క మాటయు ననలేదు. మోడెమును మాత్రము తన చీరలో చుట్టి అటక యెక్కించెను.

దానిని మరల బ్రతికించుటకు మాకు రెండు నెలలు పట్టినది. మొదట విద్యుత్తు సంగతి. మా మోడెము కోరునది తొమ్మిది వోల్టుల ఏ.సి.; నేడు దొరకు అడాప్టరులు చాలవరకు డి.సి. నిచ్చును. ప్లగ్గు ఇమిడినదిగదా యని గ్రుచ్చినచో పెట్టె చెడును. వెనుకనున్న చీటి చదువవలెను. మూత విప్పి చూడగా రెండు కెపాసిటరులు ఉబ్బియున్నవి. ఏండ్లు గడచిన కొలది లోని ద్రవ మెండిపోవుట వానికి సహజము. రేడియోలు బాగుచేయు నతడు వానిని తీసి క్రొత్తవి అతికెను. ప్రక్కనే కూర్చుండి చూచితిమి. ఇరువదియైదు సూదుల తీగను పెట్టు చోటు నేటి కంప్యూటరులకు లేదు గనుక యూ.ఎస్.బి.కి మార్చు నొక తునక కొంటిమి.

అప్పుడు ఏ.టి. అని రెండక్షరములు కొట్టితిమి. అటెన్షను అను మాటకు అది సంక్షేపము. 1981లో హేస్ సంస్థవారు తమ స్మార్ట్‌మోడెమునకు నేర్పిన భాష యిది, తరువాత మోడెములన్నియు దీనినే నేర్చినవి. తెరమీద ‘ఓకే’ యని పడెను. ఇరువది యేండ్లు పలుకని వస్తువు పిలువగనే పలికినది! మావారిని కేకవేసితిమి.

పలికినది సరే, ఎవరికి ఫోను చేయును? మా వీధిలో రాగితీగలు పోయి గాజుతీగలు వచ్చినవి. అమెరికాలో ఏ.ఓ.ఎల్. వారును ఈ డయలప్ సేవను 2025 సెప్టెంబరు 30తో చాలించిరి. మావారి యుపాయమేమనగా, పాత సామానుల అంగడిలో మరియొక మోడెమును, కార్యాలయములలో వాడి పారవేసిన చిన్న ఇంటర్‌కామ్ పెట్టెను కొనుట. ఆ పెట్టె మూడు ఫోనుల టెలిఫోను ఆఫీసు వంటిది. డయల్‌టోను నిచ్చును, గంట కొట్టును. రెండవ మోడెమును గాజుతీగ గల కంప్యూటరుకు తగిలించి, వచ్చిన పిలుపునకు బదులిచ్చి ఇంటర్నెట్టులోనికి దారి విడుచునట్లు లినక్సులో ఏర్పాటు చేసిరి. సామాను గదినుండి ముందరి గదికి ఫోను చేసి, అచ్చటినుండి లోకమునకు పోవుట యన్నమాట. మూడవ ఫోను వంటింట పెట్టితిమి.

మోడెముమీద యాబదియారు వేలని వ్రాసియున్నను ఇట్టివి రెండు ఎదురెదురుగా మాటలాడునప్పుడు సెకనుకు 33,600 బిట్లకు మించి సాగవు. పై వేగమునకు ఒక వైపు డిజిటల్ తీగ యుండవలెను. ఈ వ్యాసమంత యుత్తరము నాలుగైదు సెకనులలో పోవును. ఫోనులో తీసిన మూడు మెగాబైట్ల ఫోటోకు మాత్రము పండ్రెండు నిమిషములు. ఒక వార్తాపత్రిక పుట తెరచునంతలో మాకు కందిపప్పు ఉడికినది! బొమ్మలు రాకుండ చేసి యక్షరములే చదివినచో హాయిగానే యుండును. నిత్యోపయోగమునకు పనికివచ్చునని మాత్రము చెప్పజాలము. పాతదంతయు మేలనువారు ఒక దినము వాడి చూడవలెను.

కలియునప్పుడు మోడెము చేయు కీచుధ్వనిని ఆపుట కొక ఆజ్ఞ కలదు. అమ్మ మా యింటనున్న దినములలో దానినిచ్చియే నడుపుచుంటిమి. ఒకనాడు మరచితిమి. ధ్వని విని అమ్మ గుమ్మమున వచ్చి నిలిచెను. మాకు నోట మాట రాలేదు.

“ఇప్పుడు దీనికి ఎవరన్నా ఫోను చేస్తే ఏమవుతుందే?” అనెను.

వంటింటి ఫోను చూపి, నొక్కవలసిన అంకెలు చెప్పితిమి. ఆమె నొక్కి చెవి దగ్గర పెట్టుకొనెను. ఎంగేజ్ టోను మాకును వినబడుచుండెను. చాలసేపు వినెను.

“వాడికి ఆ రెండు గంటలూ ఇదే వినపడిందన్నమాట,” అనెను. కొంత తడవునకు, “ఇంక ఆపవే.”

ఆపుటకు ముందొక సెకను ఊరకుండి, మూడు ప్లస్సు గుర్తులు కొట్టి, మరల నొక సెకను ఆగవలెను. ఆగితిమి. పిమ్మట ఏ.టి.హెచ్. కొట్టగా తీగ విడిచినది. అమ్మ మరల అంకెలు నొక్కెను. ఈ పర్యాయము ఆమె చెవిలో గంట మ్రోగెను. ఇవతల మా తెరమీద ‘రింగ్’ అను మాట యొకదానిక్రింద నొకటిగా పడజొచ్చెను. ఆమె ఫోను పెట్టువరకు లెక్కించితిమి. పదునొకండు.