మామిడితోటలోని ఊసరవెల్లి

నూజివీడు పేరు వినగానే సోదరీమణులకు చిన్నరసములు, పెద్దరసములు స్ఫురించుట సహజము. ఏలూరు జిల్లాలోని ఆ పట్టణమునుండి ఆగిరిపల్లికి పోవు మార్గమున ఎఱ్ఱనేలలు, మామిడితోటలు, దూరమున శోభనాచలము కనులపండువు చేయుచుండును. వేసవిలో పండ్లకై వచ్చువారు చూడని వింత యొకటి ఆశ్వయుజ కార్తికములలో మాబోటివారికి లభించును. ఆ దినములలోనే ఊసరవెల్లి చెట్టు దిగును.

తొండను చూచి ఊసరవెల్లి యనుకొనువారు పెక్కుమంది. గొంతు ఎఱ్ఱచేసికొని పరుగెత్తునది తొండ. ఊసరవెల్లికి పరుగు తెలియదు. గాలికి ఊగు ఆకువలె ముందునకు వెనుకకు ఊగి, అప్పుడొక యడుగు వేయును. దాని వ్రేళ్లు రెండును మూడునుగా అతుకుకొని, పట్టకారువలె కొమ్మను పట్టును. ఒక కన్ను ముందు ఈగను చూచుచుండగా రెండవది వెనుక కాకిని కనిపెట్టును. నాలుక దేహముకంటె పొడవు. మనదేశమున గల జాతి యిదియొక్కటే.

కూర్చున్న చోటి రంగెల్ల తెచ్చుకొనుననుట అతిశయోక్తి. ఎండ, భయము, కోపము, జతకై తహతహ, ఇవియే దాని రంగును మార్చును. చర్మములోని సూక్ష్మస్ఫటికముల యెడము మారుటచే వన్నె మారునని 2015లో జెనీవా శాస్త్రజ్ఞులు మడగాస్కరు ఊసరవెల్లియందు కనుగొనిరి. మనవారు దీనిని చపలచిత్తులకు ఉపమానము చేసిరి గాని, భాగవత దశమస్కంధములో ఊసరవెల్లియై నూతబడిన నృగమహారాజు చపలుడా? ఒకరికిచ్చిన గోవును తెలియక మఱియొకరికిచ్చిన దాత!

ఇక చెట్టు దిగుట యెందుకన, గ్రుడ్లకొఱకు. నిండుచూలాలు మెత్తనినేల వెదకి, ముంగాళ్లతో గంటలతరబడి గుంత త్రవ్వి, పది మొదలు ముప్పదివఱకు గ్రుడ్లు పెట్టి, మట్టి కప్పి పోవును. చెట్టుపై కనబడక బ్రతికిన ప్రాణి బాటపై అందఱి కంట బడును. అప్పుడే రాళ్లు, అప్పుడే బండిచక్రములు. “ముట్టుకోకండమ్మగారూ, దాని ఊపిరి తగిలినా విషమే” అని తోటకావలివాని భార్య నన్ను వెనుకకు లాగినది. దానికి విషము లేనేలేదు. దానిని చంపుట 1972 నాటి వన్యప్రాణి చట్టముచే నేరము కూడ.

ఆఫ్రికాలోని మలావీ కొండయడవులలో దీని జ్ఞాతి యొకటి కలదు. మిక్కిలి పెరిగినను అయిదున్నర సెంటీమీటర్లే. 1992లో శాస్త్రజ్ఞులు దానికి పేరిడిరి. పొలములకై అడవి నఱకబడగా అది నశించినదనియే భయపడిరి. 2016లో మిగిలిన అడవితునకలలో మరల కనబడినది. చెట్టు పోయిన పిదప అంత చిన్నప్రాణి నేలపై నడచి మఱియొక అడవి చేరుట యెట్లు? మాకు తెలిసిన యొక మామిడితోటను నిరుడు కొట్టివేసి ఆయిల్‌పామ్ నాటిరి. నాకు ముందుగా తోచినది రసములు కాదు, ఈ నిదానపు నడకయే.

ఆనాడు కావలివాని భార్యయు నేనును మామిడిమొదట నిలిచి చూచితిమి. గుంత పూడ్చుటకు సాయంకాలమైనది. “అబ్బ, మనలాగే ఎంత అవస్థ పడుతోందమ్మా!” అని ఆమె యే తాటిమట్ట తెచ్చి అచ్చట గ్రుచ్చినది. మఱునాడు దున్నుటకు వచ్చిన ట్రాక్టరు ఆ మట్టను చుట్టి పోయినది.